నలభై దాటాక హార్ప్ మొదలుపెట్టడం: మీ మూడు ప్రశ్నలకు నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 44, ఇంతవరకు ఏ వాద్యమూ పట్టుకోలేదు, స్వరాలు రాసి ఉంటే చదవడం రాదు, వేళ్లు మొద్దుబారాయేమోనని అనుమానం, పైగా చిటికెనవేలు బాగా పొట్టి అన్నారు. ఈ వయసులో హార్ప్ (నిలువు తీగలను రెండు చేతుల వేళ్లతో మీటే వాద్యం) వస్తుందా, ఎలాంటి హార్ప్ తీసుకోవాలి, వీడియోలు చూసి సొంతంగా నేర్చుకోవచ్చా అని మూడు విషయాలు అడిగారు. నేను 39వ ఏట మొదలుపెట్టానండి. పదహారేళ్లుగా వాయిస్తున్నాను. అందులో చివరి తొమ్మిదేళ్లు పెద్దవాళ్లకే నేర్పుతున్నాను. కాబట్టి మీ భయం నాకు కొత్త కాదు. తెలిసినంతా రాస్తాను, జవాబు కాస్త పొడుగవుతుంది.

ముందు చిటికెనవేలి సంగతి తేల్చేద్దాం. హార్ప్‌లో దానికి పనే లేదు. రెండు చేతుల్లోనూ బొటనవేలి నుంచి ఉంగరపువేలి దాకా నాలుగు వేళ్లతోనే వాయిస్తాం. స్వరలిపిలో వేళ్లకు అంకెలు వేస్తారు: బొటనవేలు 1, చూపుడువేలు 2, మధ్యవేలు 3, ఉంగరపువేలు 4. ఐదో అంకె మీకు ఎక్కడా కనిపించదు.

ఇక వయసు. ఐర్లాండ్‌లో టర్లో ఓ కారొలన్ అనే హార్ప్ విద్వాంసుడు ఉండేవాడు, 1670లో పుట్టాడు. 18వ ఏట మశూచి సోకి చూపు పోయింది. హార్ప్ నేర్చుకోవడం ఆ తర్వాతే మొదలైంది. మూడేళ్లు నేర్చుకున్నాడు. 21వ ఏట ఒక గుర్రం, దారి చూపే మనిషి తోడుగా బయలుదేరి, 1738లో చనిపోయేదాకా ఊరూరా తిరుగుతూ రెండు వందలకు పైగా బాణీలు కట్టాడు. పద్దెనిమిదికీ నలభై నాలుగుకీ పోలికేమిటని మీరు అనవచ్చు. కానీ చిన్నతనంలోనే చేతిలో హార్ప్ పెట్టి తయారుచేసే ఆ కాలంలో, అతనిది ఆలస్యపు మొదలే. ఇవాళ్టికీ హార్ప్ నేర్చుకునేవాళ్లు వాయించే మొదటి పాతిక బాణీల్లో అతనివి తప్పకుండా ఉంటాయి. మీరూ ఏడాది తిరిగేలోపు ఒకటి రెండు వాయిస్తారు.

నా దగ్గరికి వచ్చినవాళ్లలో వయసు వల్ల ఆగిపోయినవాళ్లు నాకు గుర్తు లేరు. ఆగిపోయినవాళ్లంతా నొప్పి వల్లో, శ్రుతి నిలవని వాద్యం వల్లో, తప్పుగా పడిన చేతి అలవాటు వల్లో ఆగారు. మిగతా జవాబంతా ఆ మూడింటి గురించే.

వయొలిన్ పట్టుకున్నవాళ్లకు మొదటి నెలలు కీచుమనే శబ్దమే వస్తుంది. వేణువు ఊదితే ముందు గాలే వస్తుంది. హార్ప్ అలా కాదు. శ్రుతి చేసి ఉంటే, మొదటి రోజు మొదటి తీగ మీటగానే గది నిండా తియ్యగా మోగుతుంది. నేను ఈ వాద్యాన్ని ఇంతగా ప్రేమించడానికి అదొక కారణం. పెద్దవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది కూడా అదే. వయొలిన్‌లో చెయ్యి తప్పితే చెవి వెంటనే చెప్పేస్తుంది. హార్ప్‌లో చెయ్యి ఎంత వంకరగా ఉన్నా చెవికి బాగానే వినిపిస్తుంది. తప్పు బయటపడేది ఏడెనిమిది నెలల తర్వాత, వేగం పెంచబోయినప్పుడు. అప్పటికి ఆ వంకర చేతిలో స్థిరపడిపోయి ఉంటుంది. నాకు అదే జరిగింది. మొదటి ఏడాది వీడియోలే గురువు. మీటాక వేలిని బయటికి, గిటార్ వాయించేవాళ్లలా ఎగరేసేదాన్ని. వినడానికి ఏ లోటూ లేదు. ఏడాది చివర్లో మణికట్టు నొప్పి మొదలైంది, కాస్త వేగంగా ఉన్న బాణీ ఏదీ చేతికి రాలేదు. గురువు దగ్గరికి వెళ్లాక ఆ అలవాటు మానడానికే ఎనిమిది నెలలు పట్టింది.

అందుకే మొదటి ఆరు నెలలు పాటల మీద కంటే చేతి మీద ఎక్కువ దృష్టి పెట్టండి. ఏం చూసుకోవాలో చెప్తాను.

బొటనవేలు పైకి నిలబడి ఉండాలి, మిగతా మూడు వేళ్లు దానికన్నా కిందుగా, మెత్తగా వంగి తీగల మీద ఆనాలి. గుండ్రటి పండును చేతిలో పట్టుకున్నట్టు అరచేతిలో ఖాళీ ఉండాలి. తీగను వేలి కొనలోని మెత్తటి కండతో పట్టి, లోపలికి లాగుతూ వదలాలి. వదిలిన వేలు ఆగకుండా అరచేతిలోకి ముడుచుకోవాలి. బొటనవేలైతే చూపుడువేలి పక్కమీదికి వాలాలి. వేలు ముడుచుకోవడాన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. కాదు, బలమంతా అక్కడే ఉంది. వేలు చివరిదాకా ముడుచుకుంటే తీగ నిండుగా మోగుతుంది, కండరం తనంతట తానే సడలుతుంది. సగంలో ఆగితే శబ్దం పలచబడుతుంది, ఆ బిగువు మణికట్టులో పేరుకుంటుంది. ఒక్కో స్వరానికి అణువంత బిగువైనా అరగంటలో ఎన్ని స్వరాలు వాయిస్తామో లెక్కేసుకోండి.

రెండోది, వేళ్లను ముందే తీగల మీద ఉంచడం. పియానో వాయించినవాళ్లకు కూడా ఇది కొత్తే. వరుసగా పైకి నాలుగు స్వరాలు వాయించాలంటే, ఒక్కో తీగనూ వెతుక్కుంటూ వెళ్లకూడదు. 4, 3, 2, 1 నాలుగు వేళ్లూ నాలుగు తీగల మీద ఒకేసారి పెట్టి, తర్వాత ఒక్కొక్కటే వదలాలి. చూపు ఒక్కసారే పని చేస్తుంది, మిగతాది చెయ్యి చూసుకుంటుంది. పూర్తి స్వరవరుస వాయించేటప్పుడు పైకి వెళుతుంటే ఉంగరపువేలు బొటనవేలి కిందుగా వచ్చి తర్వాతి తీగ అందుకోవాలి. కిందికి వస్తుంటే బొటనవేలు మిగతా వేళ్ల మీదుగా దాటాలి. ఈ దాటు దగ్గరే అందరూ తడబడతారు. నేను కొత్తవాళ్లతో ఒక్క దాటునే, ముందు రెండు స్వరాలు, వెనక రెండు స్వరాలు పెట్టించి, వారం రోజులు చేయిస్తాను. విసుగ్గా ఉంటుంది. అయినా చేయిస్తాను, ఎందుకంటే దాటు కుదిరినవాళ్లకు తర్వాత ఆరు నెలలు దారి సాఫీగా ఉంటుంది.

వేలు పెట్టగానే జర్రుమని చప్పుడు వస్తే కంగారు పడకండి. ఇంకా మోగుతున్న తీగను మెల్లగా, అనుమానంగా తాకితే అలాగే వస్తుంది. మెత్తగా కాదు, సూటిగా, ఒక్కసారిగా, వాయించే క్షణానికి కాస్త ముందు పెట్టండి. ముట్టుకుందామా వద్దా అన్నట్టు పెట్టిన వేలే జర్రుమంటుంది.

చేతి విషయంలో రెండు పద్ధతులున్నాయని మీకు త్వరలోనే తెలుస్తుంది. ఫ్రెంచ్ పద్ధతి అనేదాంట్లో కుడి మణికట్టు సౌండ్‌బోర్డ్ (తీగల కింది కొనలు బిగించి ఉండే చెక్క పలక) అంచును తేలిగ్గా తాకుతూ ఉంటుంది. కార్లోస్ సాల్జెడో అనే హార్ప్ విద్వాంసుడి పద్ధతిలో మోచేతులు ఎత్తుగా ఉంటాయి, వాయించాక చెయ్యి గాల్లోకి లేస్తుంది. ఫ్రెంచ్ పద్ధతిలో పెద్ద పేరున్న ఆన్రియెట్ రెనియే, ఈ సాల్జెడో ఇద్దరూ పారిస్‌లో అల్ఫాన్స్ హాసెల్‌మాన్స్ అనే ఒకే గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లే. రెంటిలోనూ గొప్ప విద్వాంసులు వచ్చారు. మీ గురువుది ఏదైతే మీదీ అదే. సోమవారం ఒక వీడియో చూసి మోచెయ్యి ఎత్తి, గురువారం ఇంకో వీడియో చూసి దించితే మాత్రం రెండేళ్లకు కూడా చెయ్యి కుదరదు.

మీ మూడో ప్రశ్నకు జవాబు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మొదటి మూడు నెలలు మీ చేతిని చూసే మరో మనిషి ఉండాలి. వారానికోసారి కుదరకపోతే పదిహేను రోజులకోసారైనా చాలు. దగ్గర్లో ఎవరూ లేకపోతే ఆన్‌లైన్‌లో నేర్చుకోండి, బాగానే జరుగుతుంది. కెమెరా మాత్రం ఎదురుగా పెట్టకండి, ఎదురుగా తీగలు, మొహం తప్ప ఏమీ కనపడవు. కుడిచేతి పాఠానికి కుడిపక్కన, ఎడమచేతి పాఠానికి ఎడమపక్కన, చెయ్యి ఎత్తులో పెట్టండి. పునాది పడ్డాక వీడియోల నుంచి ఎంతైనా నేర్చుకోవచ్చు. అప్పుడు అవి నిజంగా ఉపయోగపడతాయి, ఎందుకంటే ఏది తీసుకోవాలో ఏది వదిలేయాలో మీకే తెలుస్తుంది.

ఏ హార్ప్ అన్నది చాలామంది ముందుగా అడిగే ప్రశ్న. నాకు మాత్రం చేతి తర్వాతిదే. వాద్యబృందాల్లో కనిపించే పెద్దది పెడల్ హార్ప్. సాధారణంగా 47 తీగలు, ఏడు పెడళ్లు, బరువు 36 కిలోల పైమాటే. ఒక్కో పెడల్ ఒక్కో స్వరానికి (పాశ్చాత్య సంగీతంలో ఏడు స్వరాల పేర్లు ఎ, బి, సి, డి, ఈ, ఎఫ్, జి). ఎఫ్ పెడల్ కదిపితే అన్ని స్థాయిల్లోని ఎఫ్ తీగలూ ఒకేసారి మారతాయి. ప్రతి పెడల్‌కూ మూడు మెట్లు: ఫ్లాట్ (అర స్వరం తక్కువ), నాచురల్ (మామూలు స్వరం), షార్ప్ (అర స్వరం ఎక్కువ). ఈ ఏర్పాటుకు సెబాస్టియన్ ఎరార్ 1810లో పేటెంట్ తీసుకున్నాడు. అద్భుతమైన యంత్రం, కానీ మీరు ఇప్పుడే దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

లీవర్ హార్ప్‌తో మొదలుపెట్టండి. దీనికి పెడళ్లుండవు. తీగలకు పైన మెడ మీద, అంటే తీగల పై కొనలు బిగించే వంపు చెక్క మీద, చిన్న లీవర్లు ఉంటాయి, ఒకటి ఎత్తితే ఆ ఒక్క తీగ అర స్వరం పెరుగుతుంది. 34 లేదా 36 తీగలున్నది చూసుకోండి. 22 తీగల చిన్న హార్ప్ ముద్దుగా ఉంటుంది, పట్టుకుని తిరగొచ్చు. కానీ ఎడమచేతికి మంద్రస్థాయి తీగలు దాదాపు ఉండవు. నాలుగు నెలలకే చోటు చాలక ఇరుకైపోతుంది. పైగా ఒళ్లో పెట్టుకుంటే కదలకుండా నిలవదు, దాన్ని పట్టి ఉంచడానికే చేతులు బిగుసుకుంటాయి. స్థలం లేక చిన్నదే తీసుకోవాల్సి వస్తే 26 తీగలకు తగ్గకండి, స్టాండ్ మీద పెట్టి వాయించండి. లీవర్లు అన్ని తీగలకూ ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి. సి, ఎఫ్ తీగలకే లీవర్లు పెట్టిన హార్ప్‌ను సి మేజర్‌లో (సి నుంచి మొదలయ్యే మేజర్ అనే స్వరవరుసలో) శ్రుతి చేస్తే లీవర్లతో దొరికేవి జి, డి మేజర్లు మాత్రమే.

ఎప్పటికైనా పెడల్ హార్ప్‌కు వెళ్లాలని మనసులో ఉంటే గురువుకు ఇప్పుడే చెప్పండి. లీవర్ హార్ప్‌లలోనే పెడల్ హార్ప్‌కు దగ్గరైన బిగువుతో, తీగల మధ్య అంత ఎడంతో చేసినవి ఉన్నాయి. తేలిక బిగువుకు అలవాటుపడిన వేళ్లకు తర్వాత ఆ గట్టి తీగలు కష్టంగా తోస్తాయి. ఆ ఆలోచన లేకపోతే తేలికపాటి బిగువే మీ వేళ్లకు హాయి.

కొనే ముందు ఆరు నెలలు అద్దెకు తీసుకోండి. హార్ప్ తయారీదారులు, గురువులు చాలామంది అద్దెకిస్తారు. పాతది కొంటున్నారా, అయితే వాయించడం తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. మెడ ఒక పక్కకు మెలితిరిగిందా, అతుకుల దగ్గర సందులు వచ్చాయా, ఒక్కో లీవర్ ఎత్తితే సరిగ్గా అర స్వరమే పెరుగుతోందా, జర్రుమంటోందా అని చూడాలి. సౌండ్‌బోర్డ్ కాస్త ఉబ్బి ఉంటే భయపడకండి. ఏళ్ల తరబడి తీగలు లాగితే అది కొద్దిగా పైకి ఉబ్బడం సహజం. పగుళ్లుంటే మాత్రం ఆలోచించాలి.

శ్రుతి గురించి ఎవరూ ముందు చెప్పరు. 34 తీగలంటే 34 తీగలూ మీరే శ్రుతి చేసుకోవాలి, అదీ రోజూ. మొదట్లో ముప్పావుగంట పట్టినా దిగులు పడొద్దు, రెండు నెలల్లో పది నిమిషాలకు వస్తుంది. కొత్త తీగలు సాగుతూనే ఉంటాయి, కొన్ని వారాలు నిలవవు. వాద్యం పాడైందనుకుని నాకు రాత్రిపూట ఫోన్ చేసినవాళ్లున్నారు.

లీవర్ హార్ప్‌ను ఎక్కువగా 'ఈ ఫ్లాట్' (E♭) మేజర్‌లో శ్రుతి చేస్తారు, లీవర్లన్నీ దించి. అలా చేస్తే లీవర్లతోనే ఈ ఫ్లాట్, బి ఫ్లాట్, ఎఫ్, సి, జి, డి, ఎ, ఈ అనే ఎనిమిది మేజర్ స్కేళ్లు దొరుకుతాయి. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. చాలా ట్యూనర్లు (శ్రుతి చూపించే పరికరాలు) 'ఈ ఫ్లాట్'ను డి షార్ప్ అని, ఎ ఫ్లాట్‌ను జి షార్ప్ అని, బి ఫ్లాట్‌ను ఎ షార్ప్ అని చూపిస్తాయి. 'ఈ' (E) తీగ మీటితే డి షార్ప్ అని కనిపిస్తుంది, తప్పనుకుని ఇంకా బిగిస్తారు. అది సరైన శ్రుతేనండి, పేరు ఒక్కటే వేరు. ఈ మూడు జంటలనూ కాగితం మీద రాసి స్టాండుకు అంటించుకోండి.

ఇంకో ప్రమాదం: ఒక తీగ మీటుతూ, తాళంచెవి లాంటి ఆ ట్యూనింగ్ కీని పక్క తీగ చుట్టిన పిన్నుకు పెట్టి తిప్పడం. శబ్దం మారడం లేదని ఇంకా తిప్పుతాం, పక్క తీగ ఠప్పున తెగుతుంది. ఎత్తు స్థాయి సన్నని తీగలకు ఇది ఎక్కువ. కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతి తిప్పుకూ శబ్దం మారుతోందా అని వినండి. మారకపోతే ఆగి, తీగ వెంట వేలు నడిపిస్తూ పిన్ను దాకా వెళ్లి చూడండి. తెగిన తీగకు బదులు తెప్పించేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: హార్ప్‌లో స్థాయిల లెక్క పైనుంచి కిందికి. ఒకటో స్థాయి అంటే ఎత్తు స్వరాలది, అది 'ఈ' (E) తీగతో మొదలై కిందికి ఎఫ్ దాకా పోతుంది. పియానో లెక్కలో అడిగితే వేరే తీగ ఇంటికొస్తుంది. వాయించడం అయ్యాక లీవర్లు దించేయండి, తీగలు ఎక్కువ కాలం మన్నుతాయి. ఎండ పడే కిటికీ పక్కన, హీటర్ దగ్గర, ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టొద్దు. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే చెక్క సుఖంగా ఉంటుంది.

కూర్చోవడం దగ్గర ఒక్క మాట. హార్ప్‌ను వెనక్కి వాల్చి కుడి భుజానికి ఆనిస్తాం. బరువు మొత్తం భుజం మీద పడుతుంటే ఏదో తేడా ఉన్నట్టే. సరైన వాలు దొరికితే హార్ప్ దాదాపు తనంతట తానే నిలబడినట్టు తేలిగ్గా ఉంటుంది. కుర్చీ ఎత్తు మార్చి మార్చి చూడండి. తీగలను కాస్త ఏటవాలుగా చూసేలా కూర్చోవాలి, లేకపోతే ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. సి తీగలు ఎర్రగా, ఎఫ్ తీగలు నల్లగా లేదా నీలంగా ఉంటాయి కాబట్టి దారి తప్పరు. తీగలకు అక్షరాల స్టిక్కర్లు అంటించకండి. రెండు వారాలు ఓపిక పడితే ఆ రంగులే చాలు.

సాధన మొదట రోజుకు రెండుసార్లు, పది పదిహేను నిమిషాలే. వేలి కొనలు మండుతుంటే ఆపండి. బొబ్బలొస్తే అవి మానేదాకా ముట్టొద్దు. ఓర్చుకుని వాయిస్తే వారం పోతుంది. స్నానం చేసిన వెంటనే వాయించకండి, చర్మం మెత్తబడి ఉంటుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. రెండు నెలల్లో వేలి కొనలు కాయలు కాస్తాయి, ఆ తర్వాత నొప్పి ఉండదు. చర్మం మంట వేరు, మణికట్టులోనో మోచేతిలోనో భుజంలోనో లాగడం వేరు. రెండోది వస్తే సాధన పెంచి లొంగదీయాలని చూడొద్దు, గురువుకు చూపించండి.

పాటల దగ్గరికి వద్దాం. కుడిచేతికి బాణీ, ఎడమచేతికి ఆధార స్వరం, పంచమం, పై ఆధార స్వరం అనే మూడు స్వరాల కూర్పు చాలు. ఎడమచేతి 4, 2, 1 వేళ్లతో వాయించే ఈ ఒక్క ఆకారాన్ని తీగల మీద అటూ ఇటూ జరుపుతూ ఉంటే ఎన్నో జానపద బాణీలకు తోడు వచ్చేస్తుంది. చెయ్యి ఆకారం మారదు, చోటే మారుతుంది. ముందు ఒక్కో చెయ్యి విడిగా. రెండూ కలిపినప్పుడు మీకు బాగా వచ్చిన వేగంలో సగానికి తగ్గండి. స్వరలిపి చదవడం కూడా రోజూ ఐదు నిమిషాలు పక్కనే సాగాలి. పెద్దవాళ్లు బాణీని త్వరగా కంఠతా పట్టేసి, కాగితం వైపు చూడటం మానేస్తారు. రెండో ఏడాది కష్టపడేది వాళ్లే.

ఇంకొకటి. హార్ప్ తీగ మనం ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. మంద్రస్థాయిలో స్వరం మారినా పాత స్వరం వదలదు, రెండూ కలిసి మసకబారతాయి. అరచేత్తో తీగలను మెల్లగా కప్పి ఆపడం మొదటి నెల నుంచే నేర్చుకోండి. ఎక్కడ మోగనివ్వాలి, ఎక్కడ ఆపాలి అని వినడం మొదలైన రోజున వాయించడంలో వచ్చే తేడా ఇంట్లోవాళ్లు కూడా గమనిస్తారు.

పెద్దవాళ్లలో ఇంకో గుణం చూశాను. తమ మీద తామే చాలా కఠినంగా ఉంటారు. నా దగ్గర నేర్చుకునే ఒకావిడ 61వ ఏట మొదలుపెట్టారు. తప్పు పడగానే ఆపి, బాణీ మొదటికి వెళ్లేవారు. ఆరు వారాలకు బాణీ మొదటి నాలుగు వరుసలు అద్భుతంగా వచ్చాయి, మిగతాది అసలు రాలేదు. చివరి వరుస ముందు నేర్చుకుని, దానికి ముందుది, దానికి ముందుది అని వెనక నుంచి కట్టుకుంటూ రమ్మన్నాను. మూడు వారాల్లో బాణీ మొత్తం వచ్చింది. అప్పటి నుంచి నేను అందరికీ కొత్త బాణీ చివరి నుంచే మొదలుపెట్టిస్తున్నాను. వాయించే కొద్దీ తెలిసిన చోటికే వెళతారు, తెలియని చోటికి కాదు. మీరూ అలాగే చెయ్యండి.

హార్ప్ ఇంటికి వచ్చాక మూడు సంగతులు రాయండి: ఎన్ని తీగలు, అన్నిటికీ లీవర్లున్నాయా, దాని పక్కన మీరు కూర్చునే కుర్చీ ఎత్తెంత. వీలైతే కుడిచెయ్యి నాలుగు వేళ్లూ తీగల మీద పెట్టి, పక్క నుంచి తీసిన ఒక ఫొటో కూడా పెట్టండి. బొటనవేలు ఎంత ఎత్తులో ఉందో చూసి చెప్తాను.